చేతికందినంత ఎత్తు

నాలుగింటికి చోమూ మీద హత్యానేరం కోర్టులో దాఖలవుతుంది. కెప్టెన్ కన్లయా విశ్వవిద్యాలయపు వృక్ష సంగ్రహశాల గుమ్మంలో బూట్లు విప్పేసరికి ఒంటిగంటా ఇరవై.

చోమూ కరెన్ తెగకి చెందిన కొండల మనిషి. నవంబరు పదకొండున పరిశోధక విద్యార్థిని ఇంగ్‌ఫాకి దారి చూపడానికి దోయ్ ఫాలోమ్ కొండ ఎక్కాడు. మధ్యాహ్నం నీళ్ళకని వాగులోకి దిగి తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. అరిచీ అరిచీ గొంతు పోయాక, రెండు రోజులు నడిచి కిందికొచ్చి ఠాణాలో తనే చెప్పాడు. చెప్పినవాడినే పదమూడో తేదీ సాయంత్రం ఆరింటికి లోపలేశారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే అదే. పద్నాలుగుకల్లా అతని కుడిచేతి వేళ్ళు రెండు వంకరపోయాయి, ‘నేనే నదిలోకి తోశాను’ అన్న కాగితం కింద ఎడమచేతి వేలిముద్ర పడింది. పదిహేనున సాయంత్రం ఐదింటికి గాలింపు ఆపేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం కన్లయాదే. హంతకుడు ఒప్పుకున్నాక అడవిలో ఎవరిని వెతుకుతారు?

జనవరిలో తేనె తీసేవాళ్ళకి ఎముకలు దొరికాయి. నదిలో కాదు, నదికి ఆరు కిలోమీటర్ల దూరంలో, నల్లబండ లోయలో. ఒప్పుకోలు కాగితంలో ‘నది’ కొట్టేసి ‘లోయ’ అని రాయడానికి ఆమె పై అధికారి మేజర్ ప్రజాక్‌కి ఒక్క పూట పట్టింది. ఆ దిద్దుబాటు చూసినప్పటి నుంచే కన్లయాకి అన్నం సయించడం మానేసింది. ఆమెకి కావలసింది ఒక్కటే. పదమూడో తేదీ సాయంత్రం ఆరు తర్వాత ఇంగ్‌ఫా బతికే ఉందనడానికి ఏదో ఒక్క రుజువు.

“మీ దగ్గర ఇంగ్‌ఫా సేకరించిన పొట్లాలు ఎన్నున్నాయి, అజాన్?”

అజాన్ ముక్దా బంకఅన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంది, నోట్లో పెట్టుకోలేదు. అజాన్ అంటే గురువే. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ అక్కడే గురువు, అక్కడే కాపలాదారు. రాళ్ళ మీదా చెట్ల బెరళ్ళ మీదా పట్టే రాతిపువ్వుల్ని కాగితప్పొట్లాల్లో పెట్టి, పేరు రాసి, ఇనుప బీరువాల్లో సర్దడమే ఆవిడ బతుకు. మొత్తం నలభై వేల పొట్లాలు.

“చాలా ఉంటాయి. లెక్క చూడాలి.”

“నేను చూశాను. మీ జాబితా కంప్యూటర్లో అందరికీ తెరిచే ఉంటుందిగా. ఆఖరి నంబరు నాలుగువందల ముప్ఫై ఏడు.”

“అయితే అంతే.”

“పదకొండో తేదీ పొద్దున పదింటికి ఆ పిల్ల వాళ్ళమ్మకి సందేశం పెట్టింది. ‘అమ్మా, నాలుగువందల ముప్ఫై ఒకటి అయ్యాయి’ అని. ఆ తర్వాత కొండ దిగలేదు. మరి మిగతా ఆరూ వాటంతటవే మీ బీరువాల్లోకి నడిచొచ్చాయా?”

“నంబర్లలో ఏదో పొరపాటై ఉంటుంది, కెప్టెన్.”

“ముప్ఫై ఏళ్ళలో ఎన్ని పొరపాట్లు చేశారు మీరు?”

ముక్దా అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. అబద్ధమాడడం కూడా ఒక విద్యే. ఆవిడకి అదొక్కటీ పట్టుబడలేదు.

కన్లయా కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నాకు తెలీక అడుగుతున్నాను. కొండ మీద పెన్సిలుతో రాసుకునే చీటీ ఉంటుంది కదా. ఇక్కడికొచ్చాక మీరు పొట్లం మీద అచ్చు లేబుల్ అంటిస్తారు. మరి ఆ పాత చీటీని ఏం చేస్తారు?”

“పొట్లంలోనే ఉంచుతాం. పారెయ్యం.” పాఠం అప్పజెప్పినట్టు జవాబు వచ్చేసింది. వచ్చాక ఆవిడ కళ్ళు మూసుకుంది.

“ఎప్పుడూ పారెయ్యరా?”

“చీటీ పోతే అది నమూనా కాదు, చెత్త.”

“అయితే లేవండి. బీరువాలు తెరుద్దాం.”

ఒంటిగంటా యాభై. పొట్లాలు సేకరించినవాళ్ళ పేరున కాక జాతుల పేరున సర్దుతారు కాబట్టి ఆ ఆరూ ఆరు బీరువాల్లో ఉన్నాయి. ముక్దా జాబితా చూడకుండానే నడిచింది. ఏది ఎక్కడుందో ఆవిడ కాళ్ళకే తెలుసు. మొదటి పొట్లం బల్ల మీద పెట్టి, మడతలు ఒక్కొక్కటే విప్పింది. లోపల బూడిదరంగు ఆకుల్లాంటి రాతిపువ్వు, దాని కింద నాలుగు మడతల చీటీ.

పైనున్న అచ్చు లేబుల్లో తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. చీటీలో తేదీ ఉంది.

“432. నవంబరు 11. చెట్టు బెరడు. నేల నుంచి ఎత్తు 140 సెంటీమీటర్లు,” కన్లయా పైకి చదివింది. “ఎత్తు దేనికి?”

“చెట్టు మొదట్లో పెరిగేదీ, పైన పెరిగేదీ ఒకటి కాదు. టేపు పెట్టి కొలిచి రాయకపోతే నేను తిడతాను. నా పిల్లలందరికీ అది ఊపిరితో సమానం.”

రెండో బీరువా. “433. నవంబరు 12. రాయి. ఎత్తు 62.” పన్నెండు. పదకొండున చచ్చిపోయిందన్న పిల్ల పన్నెండున టేపు పట్టుకుంది. కానీ పన్నెండు చాలదు. అప్పటికి చోమూ ఇంకా కొండ మీదే ఉన్నాడు.

మూడోది. నవంబరు 13. రాయి. ఎత్తు 40.

నాలుగోదానికి నిచ్చెన వేయాల్సివచ్చింది. కన్లయా చీటీ విప్పింది. “435. నవంబరు 14. రాయి. ఎత్తు 22.”

దొరికింది. పద్నాలుగున చోమూ ఠాణాలో వేళ్ళు విరగ్గొట్టించుకుంటున్నాడు. జనవరి నుంచి వెతుకుతున్నది అరచేతిలో ఉంది. కన్లయాకి నవ్వు రాబోయింది. అంతలో ఆమె కళ్ళు వరసగా పరిచిన నాలుగు చీటీల మీద పడ్డాయి. నూట నలభై, అరవై రెండు, నలభై, ఇరవై రెండు. రాబోయిన నవ్వు రాలేదు.

“చోటు ఒకటేనా?”

“నాలుగింట్లోనూ ఒకటే. నల్లబండ లోయ, వాగుకి ఉత్తరాన రెండువందల మీటర్లు. మొదటిది మాత్రం లోయ అంచున ఉన్న చెట్టుది.” ముక్దా ఒక్కో చీటీ మీదా వేలు పెట్టింది. “మొదటిరోజు నిలబడి కోసింది. అది తీస్తూనే కాలు జారి ఉంటుంది. పన్నెండున కూర్చునుంది. తర్వాత ఒరిగిపోయింది. చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకే కోసింది.”

“ఆ పరిస్థితిలో కూడా ఎందుకు కొయ్యడం, అజాన్?”

“ఇంకేం చెయ్యాలి అక్కడ? దానికి వచ్చిన పని అదొక్కటే. నేర్పింది నేనే.”

అయిదోది నేలబారు బీరువాలో ఉంది. నవంబరు 15. రాయి. ఎత్తు 6. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

కన్లయా దాన్ని నాలుగో చీటీ పక్కన పెట్టింది. తర్వాత అడగక తప్పని ప్రశ్న అడిగింది. “ఈ సంచి మీకెప్పుడొచ్చింది?”

ముక్దా సొరుగులోంచి డీప్ ఫ్రీజరు రిజిస్టరు తీసి, పేజీ తిప్పి, ముందుకు తోసింది. నవంబరు 15. సాయంత్రం 4.10. గుడ్డసంచి ఒకటి. తెచ్చినవారు: పోలీసు, పేరు చెప్పలేదు. విప్పవలసిన తేదీ: 22.

“బయటినుంచి ఏది వచ్చినా విప్పకుండా ఏడు రోజులు గడ్డకట్టించాలి. ఒక్క పురుగు లోపలికొచ్చినా నలభై వేలూ పిండి చేసేస్తుంది. సంచులు తీసుకునే కిటికీ దగ్గరమ్మాయి నియమం ప్రకారమే లోపల పెట్టింది. ఆ నియమం పెట్టింది నేను.” ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. “పదిహేనున ఆ సంచి విప్పుంటే చోటు అందులోనే రాసుంది కదా. ఆ పక్క ఫ్రీజర్లో నా పిల్ల అడ్రసు ఉంది. ఈ పక్క నేను కూర్చుని టీవీలో గాలింపు చూశాను.”

“ఇరవై రెండున విప్పారు. చెప్పొచ్చుగా?”

“పదకొండు రోజులైపోయాక ఎవరికి చెప్పి ఏం లాభం అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం చేస్తాం?”

“చోమూ ఉన్నాడుగా లోపల.”

“వదిలేస్తారనుకున్నాను. కొండవాళ్ళని పట్టుకుంటూనే ఉంటారు, వదిలేస్తూనే ఉంటారు. ఒకరోజు ఆగుదాం, ఇంకో రోజు ఆగుదాం అనుకుంటూ…”

“మరి దాచాలనుకున్నదాన్ని జాబితాలో ఎందుకెక్కించారు? కాల్చేస్తే నాకు తెలిసేదే కాదు.”

ఆ మాటకి ముక్దా నిజంగా ఆశ్చర్యపోయింది. “నమూనాని కాల్చడమా? తేదీ రాయకుండా వదిలెయ్యగలిగాను. దొంగ తేదీ వెయ్యడానికి చెయ్యి రాలేదు.”

ఒక మనిషిని మూణ్ణెల్లు జైల్లో కుళ్ళబెట్టగలిగిన చెయ్యి, ఒక చీటీని చింపలేకపోయింది. లోకంలో పాపభీతి ఇలాగే అడ్డదిడ్డంగా పంచిపెట్టి ఉంటుంది. కన్లయాకి ఆవిడ మీద కోపం రావాలి, రాలేదు. ఆవిడ ముఖంలో తన ముఖమే కనబడుతోంది.

రెండూ నలభై. ఆరో పొట్లం ఆఖరి బీరువాలో ఉంది. కన్లయా చీటీ విప్పింది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

437. నవంబరు 15. రాయి. ఎత్తు 210.

“ఇది తప్పేమో.”

“తప్పు కాదు,” అంది ముక్దా తల దించుకుని. “కింద చూడండి. వేరేవాళ్ళు కోసిస్తే వాళ్ళ పేరు రాయాలి. అదీ నియమమే.”

కింద, వణికే అక్షరాల్లో, ఇంకో వరస ఉంది. కోసి ఇచ్చినవారు: సార్జంట్ బున్‌ల్యూ.

“సంగ్రహశాలలో పారాయణమా, చెల్లాయ్?”

గుమ్మంలో మేజర్ ప్రజాక్ నిలబడ్డాడు. చంకలో చోమూ ఫైలు. బూట్లు విప్పలేదు. “కోర్టుకి పోతూ పోతూ చూశాను, నీ బండి కనబడింది. ఈ కేసు నీది కాదని పైనుంచి రాసిచ్చారు కదా. చదవడం రాదా?”

“వచ్చన్నా. ఇప్పుడదే చేస్తున్నాను. మీరూ చదవండి.” కన్లయా నాలుగో చీటీ అతని వైపు తిప్పింది. “పద్నాలుగో తేదీ. అప్పటికి మీ హంతకుడు మీ ఎదురుగానే ఉన్నాడు.”

మేజర్ వంగి చూశాడు, ముట్టుకోలేదు. “పెన్సిలు రాత. ఏ రోజు కావాలంటే ఆ రోజు రాసుకోవచ్చు. ఇవి ఎవరి బీరువాలో ఉన్నాయి? ఎన్నాళ్ళుగా? మూణ్ణెల్లు దాచిన ముసలావిడ, శిష్యురాలి మీద ప్రేమతో నాలుగు చీటీలు రాసింది. ప్రాసిక్యూటరు నవ్వి అవతల పారేస్తాడు.”

“రిజిస్టరుంది. పదిహేనున సంచి వచ్చినట్టు.”

“ఎవరి సంచి? పేరు లేదుగా.” అతను చదవకుండానే చెప్పాడు. అంటే గుమ్మంలో కాసేపటి నుంచే నిలబడి వింటున్నాడు. “నీ దగ్గరున్నది కాగితం, చెల్లాయ్. నా దగ్గరున్నది మనిషి ఒప్పుకోలు.”

“దిద్దిన ఒప్పుకోలు. నది కాస్తా లోయ అయింది. ఇంకో నెల ఆగితే సముద్రం కూడా అవుతుందేమో.”

“కొండవాడికి నది అన్నా లోయ అన్నా ఒకటే.”

“అయితే నాకూ మనిషే ఉన్నాడు.” ఆమె ఆరో చీటీ చేతిలోకి తీసుకుంది. “ఆరు సెంటీమీటర్ల ఎత్తు కూడా కష్టమైన పిల్లకి, అదే రోజు రెండు మీటర్ల పైనున్నది ఎవరో కోసిచ్చారు. బున్‌ల్యూ. నవంబర్లో ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి సన్యాసం పుచ్చుకున్నాడే, ఆ బున్‌ల్యూ. ఈ ముసలావిడకి ఆ పేరు ఎలా తెలుస్తుంది?”

మేజర్ ముఖంలో వెటకారం పోయింది. దాని స్థానంలో వచ్చింది కోపం కాదు, జాలి లాంటిది. అదే కన్లయాని భయపెట్టింది.

“తలుపు వేసిరండి, అజాన్,” అన్నాడు. ముక్దా కదల్లేదు. అతనే వెళ్ళి వేసొచ్చాడు. “కన్లయా, అన్నగా చెబుతున్నాను. ఆ ఆరోది మడిచి ఎక్కడిది అక్కడ పెట్టెయ్. మొదటి అయిదూ పట్టుకుని పోట్లాడుకో, నేను దొంగరాత అంటాను, నువ్వు కాదంటావు, ఎవరు గెలిచినా ఇద్దరం బతుకుతాం. అది బయటికి తీస్తే మొదట మునిగేది నువ్వే.”

“నేనా?”

“పదిహేనో తేదీ పొద్దున రేడియో దగ్గర కూర్చున్నది ఎవరు?”

“నేనే.”

“పదకొండూ నలభైకి ఒకడు పిలిచాడు. పేరు వినబళ్ళేదు, అంతా గరగర. అమ్మాయి కనబడిందన్నాడు. అప్పటికి అలాంటి కబుర్లు పదిహేడొచ్చాయి. ఒకడికి చెట్టు మీద కనబడింది, ఒకడికి కల్లోకొచ్చింది. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. ఒప్పుకోలు నీ బల్ల మీదే ఉంది. నువ్వేం చెప్పావు వాడికి?”

కన్లయాకి గుర్తొచ్చింది. అంతవరకూ రాకపోవడమే విచిత్రం. రెండు రాత్రుల నిద్రలేమి, చల్లారిన కాఫీ, గరగరల మధ్య ఒక మగగొంతు. తను చెప్పిన జవాబూ గుర్తొచ్చింది, తర్వాత మేజర్ నవ్వడమూ, తనూ నవ్వడమూ. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“ఆ పిలుపు సంగతి నేనెక్కడా అనలేదు. ఇన్నాళ్ళూ నీకు చెయ్యని ద్రోహం ఇప్పుడెందుకు చేయిస్తావు?” మేజర్ గొంతు మెత్తగానే ఉంది. “పెట్టెయ్.”

మూడూ పది. చోమూకి ఇక యాభై నిమిషాలే ఉన్నాయి. అయిదు చీటీలు చాలవని మేజర్ చెప్పింది నిజం. ఆరోది కావాలి, ఆరోదానికి మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి మాట్లాడితే ఏం చెబుతాడో ఆమెకి తెలుసు. కన్లయా ఫోను తీసి బున్‌ల్యూ ఉండే ఆరామం నంబరు నొక్కి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. భిక్షువుని పిలుచుకురావడానికి పది నిమిషాలు పట్టింది.

“ఎవరూ?” అంది అవతలి గొంతు, నెమ్మదిగా.

“భంతే, పోలీసు కెప్టెన్ కన్లయాని. నవంబరు పదిహేనున మీరు నల్లబండ లోయలోకి దిగారా?”

“ఎవరితోనూ అనకూడదనుకున్నాను, తల్లీ. దిగాను. గాలింపులో దారి తప్పి దిగాను. ఆ అమ్మాయి బండ కింద పడుకునుంది. నీళ్ళిచ్చాను. ‘పైనున్న ఆ పసుపుది కోసివ్వండి, నాకందడం లేదు’ అంది. కోసిచ్చాను. నా పేరడిగి రాసుకుంది. సంచి చేతికిచ్చి విశ్వవిద్యాలయంలో ఇమ్మంది. స్ట్రెచరు తెస్తానని గుట్టెక్కాను. రేడియో అక్కడే అందేది.”

“రేడియోలో ఏమన్నారు?”

“అధికారిణి ఎవరో మాట్లాడింది. ‘ఆ అమ్మాయి పదకొండునే పోయింది, చంపినవాడు ఒప్పుకున్నాడు. నువ్వు చూసింది మనిషిని కాదు. వెనక్కి తిరక్కుండా దిగొచ్చెయ్, ముందు గుడికి పో’ అంది. పైవాళ్ళే అన్నాక నేనెంతవాణ్ణి? పోయినవాళ్ళు అడిగిన పని చెయ్యకపోతే వెంటపడతారని, గాలింపు జీపులో దిగొచ్చి సంచి మాత్రం ఇచ్చేసి సరాసరి ఇక్కడికొచ్చి గుండు గీయించుకున్నాను.” ఆ గొంతులో కృతజ్ఞత వినబడింది. “ఆవిడెవరో నాకు తెలీదు. నన్ను కాపాడింది. రోజూ పొద్దున నా పుణ్యంలో ఆవిడకి భాగం ధారపోస్తున్నాను.”

ముక్దా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మేజర్ ఫోను మీదికి వంగాడు, బహుశా కట్టెయ్యడానికే. కన్లయా అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆ గొంతు నాది, భంతే,” అంది. “ఆ అమ్మాయి అప్పటికి బతికే ఉంది. అది దయ్యం కాదు.”

కన్లయా ఫోను వైపే చూస్తూ నిలబడింది.

“సీసాడు నీళ్ళూ తాగింది,” అన్నాడు బున్‌ల్యూ చివరికి. “దయ్యాలు నీళ్ళు తాగుతాయా అని అడుగుదామనే అనుకున్నాను. ఈలోపు రేడియో ఆగిపోయింది.” ఊపిరి పీల్చుకున్న చప్పుడు. “సాయంత్రం లోపు వచ్చేస్తానని చెప్పొచ్చాను, తల్లీ, ఆ పిల్లతో.”

“మొదటినుంచి చెప్పండి, భంతే. రాసుకుంటున్నాను.”

ఆమె కాగితం మీద సమయం వేసింది: మూడూ ముప్ఫై ఒకటి. అతను చెప్పినంతా రాసింది. రేడియోలో జవాబిచ్చిన అధికారి అన్నచోట తన పేరూ హోదా పూర్తిగా రాసి, కింద సంతకం పెట్టి, చోమూ ఫైలు కోసం మేజర్ ముందుకు చెయ్యి చాపింది.